పిలుపుకు వచ్చే కయోటీ: తొలి వేటకు ముందు ఒక ఆలోచన

టెక్సాస్, కాన్సస్, ఆరిజోనా వంటి రాష్ట్రాలలో పెరిగిన తెలుగు పిల్లలు కళాశాలలో చేరిన తరువాత, ఏదో ఒక శీతకాలపు సెలవులలో ఇంటికి ఒక కొత్త ప్రశ్నను తెస్తూ ఉంటారు. స్నేహితుని కుటుంబానికి గొర్రెల రాంచ్ ఉన్నదనీ, తెల్లవారకముందే వెళ్ళి కయోటీని పిలిచి వేటాడతారనీ, తమనూ రమ్మంటున్నారనీ చెప్పి అనుమతి అడుగుతారు. తల్లి జీవహింస అంటుంది. తండ్రికి తుపాకి భయం. చుట్టపుచూపుగా వచ్చి ఉన్న అమ్మమ్మ మాత్రం అసలైన ప్రశ్న వేస్తుంది: "నక్కను చంపి ఏం చేసుకుంటారు నాయనా? తింటారా?"

ఈ ప్రశ్నను నవ్వి తోసివేయడానికి వీలు లేదు. కయోటీ మాంసాన్ని సాధారణంగా ఎవరూ తినరు. కాబట్టి లేడివేటకు చెప్పే సమాధానం ఇక్కడ చెల్లదు. వేరే సమాధానం ఉండాలి. కయోటీని పిలవడం ఒక విద్య. శ్రద్ధ ఉన్న యువతీయువకులు నేర్వదగిన విద్య. అయితే పిలుపుకు వచ్చిన ప్రతి జంతువునూ కాల్చవలసిన పని లేదు. "వాటి సంఖ్య తగ్గించడానికి" అని వేటగాళ్ళు తరచు చెప్పే కారణం శాస్త్ర పరీక్షకు నిలవదు. "ఫలానా మందకు జరుగుతున్న నష్టాన్ని ఆపడానికి" అన్న కారణం నిలుస్తుంది. ఈ రెండింటి భేదం తెలియకుండా తొలి వేటకు బయలుదేరడం ఉచితం కాదు.

నక్క కాదు, తోడేలు కాదు

కయోటీ అన్న పేరు మెక్సికోలోని నవాట్ల్ భాషలోని "కొయోట్ల్" అన్న మాట నుంచి స్పానిష్ ద్వారా వచ్చింది. 1823లో థామస్ సే అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు దీనికి "కానిస్ లాట్రాన్స్" అని శాస్త్రీయ నామం పెట్టాడు. మొరిగే కుక్క అని దాని అర్థం. కుక్క, తోడేలు, తెలుగునాట పొలాల గట్ల మీద రాత్రివేళ కూసే నక్క, ఇవన్నీ ఈ కానిస్ ప్రజాతికి చెందినవే. పరిమాణంలో కయోటీ నక్కకూ తోడేలుకూ నడుమ ఉంటుంది. పశ్చిమ రాష్ట్రాలలో తొమ్మిది నుంచి పదహారు కిలోల వరకు తూగుతుంది. తోడేలు, కుక్క రక్తం కొంత కలిసిన తూర్పు రాష్ట్రాల కయోటీలు ఇంకా పెద్దవి.

రెండు వందల ఏళ్ళ క్రితం ఇది ప్రధానంగా మైదానాల, ఎడారుల జంతువు. తెల్లవారు పశ్చిమానికి విస్తరించిన కాలంలో తోడేళ్ళను దాదాపు నిర్మూలించారు, అడవులను నరికి పొలాలు చేశారు. తోడేలు ఖాళీ చేసిన చోటును కయోటీ ఆక్రమించింది. నేడు హవాయి తప్ప తక్కిన అన్ని రాష్ట్రాలలోను, ఉత్తరాన అలాస్కా నుంచి దక్షిణాన పనామా వరకు కయోటీ ఉన్నది. చికాగో మహానగరంలో స్టాన్లీ గెర్ట్ అనే శాస్త్రజ్ఞుడు 2000 నుంచి కయోటీలకు రేడియో పట్టీలు కట్టి పరిశీలిస్తున్నాడు. లక్షల జనం నడుమ, అత్యధికుల కంట పడకుండా, ఎలుకలనూ కుందేళ్ళనూ తింటూ అవి బ్రతుకుతున్నాయని ఆ పరిశోధన నిరూపించింది. మనుషులు పనిగట్టుకొని తరిమిన కొద్దీ తన రాజ్యాన్ని పెంచుకున్న ఇటువంటి జంతువు మరొకటి అరుదు.

పిలుపులోని విజ్ఞానం

తెలుగు వేటగాళ్ళ భాషలో దీమం అన్న మాట ఉన్నది. మచ్చిక చేసిన పిట్టనో లేడినో చూపి, దాని తోటి జంతువును దగ్గరకు రప్పించే ఉపాయం అది. కయోటీ వేటలో దీమం కంటికి కనబడేది కాదు, చెవికి వినబడేది. గాయపడిన కుందేలు చేసే ఆర్తనాదాన్ని నోటితో ఊదే చిన్న పీకతో గాని, విద్యుత్ యంత్రంతో గాని వినిపిస్తారు. ఆకలిగొన్న కయోటీ తేలికగా దొరికే ఆహారమని భావించి వస్తుంది. జనవరి నుంచి మార్చి వరకు సాగే జతకట్టే కాలంలో కయోటీ కూతనే అనుకరిస్తే, తన హద్దులలోకి ఎవరో వచ్చారని కోపంతో వచ్చేవీ ఉంటాయి. కయోటీల ధ్వనులను 1978లో ఫిలిప్ లేనర్ పదకొండు రకాలుగా విభజించాడు. రెండు జంతువులు స్వరాన్ని గబగబా మారుస్తూ కూస్తే వినేవారికి ఏడెనిమిది ఉన్నట్లు తోస్తుంది. రాత్రి కూతలు విని "గుంపులు గుంపులుగా ఉన్నాయి" అని చెప్పేవారి లెక్క నమ్మదగినది కాకపోవడానికి ఇదే కారణం.

ఈ పిలుపు ఎంత దూరం పోతుంది? ధ్వని మూలం నుంచి దూరం రెట్టింపైనప్పుడల్లా తీవ్రత ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో 110 డెసిబెల్స్ ఉన్న పిలుపు కిలోమీటరు దూరానికి, ఏ ఇతర నష్టమూ లేకపోయినా, 50 డెసిబెల్స్‌కు దిగిపోతుంది. అది మెల్లగా మాట్లాడుకునే మాటలంత. గాలి హోరు ఉంటే అదీ వినబడదు. అందుకే అనుభవజ్ఞులు నిశ్చలమైన ప్రాతఃకాలాన్ని కోరుకుంటారు. ఆ వేళ నేల దగ్గర చల్లని గాలి, పైన వెచ్చని గాలి ఉండడం వలన ధ్వని తరంగాలు పైకి పోకుండా క్రిందికి వంగి ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి.

ధ్వని కన్న ముఖ్యమైనది వాసన. మనిషి ముక్కులో వాసనను గ్రహించే కణాలు కొన్ని మిలియన్లు మాత్రమే. కుక్క జాతికి అవి వందల మిలియన్లు. మనిషి శరీరం నుంచి అనేక కొవ్వు ఆమ్లాలు నిరంతరం ఆవిరవుతూ ఉంటాయి. చంక చెమట వాసనకు ముఖ్య కారణమైన 3-మిథైల్-2-హెక్సెనోయిక్ ఆమ్లాన్ని 1990ల ఆరంభంలో గుర్తించారు. మార్కెట్లో "మనిషి వాసనను పోగొట్టే" సబ్బులు, పిచికారీలు విరివిగా అమ్ముతారు. రసాయన దృష్టితో చూస్తే వాటి వల్ల ప్రయోజనం స్వల్పం. చర్మం క్షణక్షణమూ కొత్త అణువులను విడుదల చేస్తూనే ఉంటుంది. వాసనలో తొంభై పాళ్ళు పోయినా, మిగిలిన పది పాళ్ళు అంత సున్నితమైన ముక్కుకు చాలు. ఆ డబ్బుతో చేయలేని పనిని గాలి దిక్కును గమనించి ఊరికే చేయవచ్చు.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఆసక్తికరమైనది. గాలి సెకనుకు మూడు మీటర్ల వేగంతో వీస్తున్నది అనుకుందాం. ఎనిమిది వందల మీటర్ల దూరంలో, గాలివాలున, ఒక కయోటీ ఉన్నది. పిలుపు దాని చెవికి రెండున్నర సెకన్ల లోపున చేరుతుంది. మనిషి వాసన చేరడానికి దాదాపు నాలుగున్నర నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధిలో కయోటీ తలచుకుంటే మొత్తం దూరాన్ని పరుగెత్తి రాగలదు. కాని అనుభవం ఉన్న కయోటీ అలా రాదు. అది చుట్టూ తిరిగి, వేటగాడి వెనుకనున్న గాలివాలుకు చేరి, చెవి చెప్పినదాన్ని ముక్కుతో సరిచూసుకుంటుంది. ఒక ప్రమాణాన్ని నమ్మక రెండవ ప్రమాణంతో ధ్రువపరచుకోవడం ప్రయోగశాలలో ఎంతో కష్టపడి నేర్పే క్రమశిక్షణ. కయోటీకి అది పుట్టుకతో, ఆ పైన అనుభవంతో అబ్బింది.

తొలి ఉదయం

కొత్తగా వెళ్ళే వ్యక్తికి మొదటి పాఠం నడకలోనే మొదలవుతుంది. వాహనాన్ని గుట్ట వెనుక ఆపి, తలుపును చప్పుడు కాకుండా మూసి, ఆకాశరేఖ మీద కనబడకుండా నడిచి, సూర్యుడు వీపు వైపు వచ్చేటట్లు, గాలి ముఖానికో ప్రక్కనుంచో తగిలేటట్లు, పొద నీడలో మాటు వేసి కూర్చోవాలి. కయోటీకి రంగులు కొన్నే కనబడతాయి, కాని కదలికను అది క్షణంలో పట్టేస్తుంది. కదలకుండా కూర్చోవడమే అన్నిటికన్న మంచి ముసుగు.

పిలుపును మొదట మెల్లగా, దగ్గరలో ఏదైనా ఉంటే బెదరకుండా వినిపిస్తారు. అర నిమిషం ఊది, ఒకటి రెండు నిమిషాలు ఆగి, మరి కొంచెం హెచ్చించి మళ్ళీ ఊదుతారు. వచ్చేవి ఎక్కువగా మొదటి పావుగంటలోనే వస్తాయి. ఇరవై నిమిషాలు చూసి లేచిపోయి, మరొక మైలు దూరంలో మళ్ళీ మాటు వేస్తారు. కొత్తవారికి అయిదారు మాటులు ఊరకే పోవడం సర్వసాధారణం. ఏమీ రాలేదనుకున్న చోట, లేచి నిలబడిన క్షణాన, వెనుకనుంచి ఒక బూడిదరంగు వీపు పొదల్లోకి మాయమవుతుంది. అది ఎంతసేపటినుంచి చూస్తూ ఉన్నదో ఎవరికీ తెలియదు.

కయోటీ నిజంగా వచ్చినప్పుడు తొలిసారి చూసేవారిని ఆశ్చర్యపరచేది దాని ముఖం. చెవులు ముందుకు నిక్కించి, కళ్ళు ధ్వని వచ్చిన చోటునే చూస్తూ, సూటిగా పరుగెత్తి వస్తుంది. వేటలో జంతువు సాధారణంగా మనిషినుంచి పారిపోతుంది. ఇక్కడ మనిషి వైపు వస్తుంది. అది వచ్చింది మనిషి చెప్పిన అబద్ధాన్ని నమ్మి. వేటగాడు నోటితో చిన్నగా మొరిగితే అది ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఒక్క క్షణంలో నిర్ణయం జరగాలి.

ఆ నిర్ణయానికి ముందు తేలవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వచ్చినది కయోటీయేనా? ఆరిజోనా, న్యూ మెక్సికోలలో మెక్సికన్ తోడేలు, ఉత్తర కరొలీనా తూర్పు భాగంలో ఎర్ర తోడేలు ఉన్నాయి. రెండూ చట్టరక్షణలో ఉన్న అరుదైన జంతువులు. దూరంనుంచి కయోటీని పోలి ఉంటాయి. పొరుగు రాంచ్ కుక్క కూడా అలాగే కనబడవచ్చు. తూటా గురి తప్పితే పోయి ఆగడానికి వెనుక మట్టిగుట్ట ఉన్నదా? గాయపడితే వెంట వెళ్ళి వెదికి బాధను ముగించే ఓపిక ఉన్నదా? ఈ ప్రశ్నలకు మాటు వేయకముందే జవాబు సిద్ధంగా ఉండాలి. కయోటీ ఎదురుగా నిలబడిన తరువాత ఆలోచించడానికి సమయం ఉండదు.

చట్టం, లైసెన్సు, వీసా

తెలుగు కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. వలసేతర వీసాపై ఉన్నవారు, అంటే విద్యార్థి వీసా, హెచ్-1బి వంటివి కలవారు, తుపాకి గాని తూటాలు గాని కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నది. స్నేహితుడు "ఒకసారి పట్టుకొని చూడు" అని చేతికిచ్చిన తుపాకి సైతం వలస హోదాకు ముప్పు తేగలదు. కనుక తుపాకి మాట వచ్చేసరికి లైసెన్సు చేతిలో ఉండాలి, సందేహం ఉంటే న్యాయవాదిని అడగాలి.

రాష్ట్ర చట్టాలు వేరు. టెక్సాస్‌లో కయోటీకి వేట నిషిద్ధ కాలం గాని, సంఖ్యాపరిమితి గాని లేవు. కాని సాధారణంగా వేట లైసెన్సు, తప్పనిసరిగా భూయజమాని అనుమతి ఉండాలి. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారు వేటగాళ్ళ శిక్షణ పొంది ఉండాలి. ఆ శిక్షణను తుపాకి ముట్టే ఉద్దేశం లేనివారు కూడా పొందితే మంచిదే. ఇరుగుపొరుగు ఇళ్ళలో తుపాకులున్న దేశంలో వాటి భద్రతాసూత్రాలు తెలియకుండా పిల్లలను పెంచడం వివేకం కాదు.

సంఖ్య తగ్గుతుందా?

కయోటీ వేటగాణ్ణి ఎందుకు వేటాడతావని అడిగితే, "వదిలేస్తే ఇవి పెరిగిపోతాయి" అంటాడు. వినడానికి సబబుగా ఉన్న మాట. దీన్ని శతాబ్దం పాటు, ప్రభుత్వ ధనంతో, అతి పెద్ద ఎత్తున పరీక్షించారు. 1915లోనే అమెరికన్ కాంగ్రెస్ క్రూరమృగ నిర్మూలనకు నిధులిచ్చింది. 1931లో ఇందుకు ప్రత్యేక చట్టం చేసింది. స్ట్రిక్నిన్ కలిపిన మాంసపు ముక్కలు, థాలియం లవణాలు, 1940లలో వచ్చిన సోడియం ఫ్లోరోఅసిటేట్, అనగా "1080" అనే విషం, అన్నిటినీ ప్రయోగించారు.

ఈ 1080 సంగతి రసాయన శాస్త్ర విద్యార్థులు తెలుసుకోదగినది. చూడడానికి వినెగర్‌లోని ఆమ్లానికి దగ్గరి చుట్టమే. కార్బన్‌కు అంటుకున్న ఒక్క హైడ్రోజన్ స్థానంలో ఫ్లోరిన్ ఉంటుంది. శరీరం దీన్ని మామూలు ఆహారమనుకొని ఫ్లోరోసిట్రేట్‌గా మారుస్తుంది. అది కణాలకు శక్తినిచ్చే క్రెబ్స్ చక్రంలోని ఒక ఎంజైమును బంధిస్తుంది. శ్వాస ఆడుతూనే కణాలు ఆకలితో చస్తాయి. కుక్క జాతికి శరీర బరువులో కిలోకు మిల్లీగ్రాములో పదవ వంతు చాలు. చచ్చిన జంతువును తిన్న గ్రద్దలు, కుక్కలు, గుంటనక్కలు కూడా చచ్చాయి. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూములలో ఇటువంటి విషాల వాడకాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు చేశాడు. తరువాత సయనైడ్ చిమ్మే గొట్టాలకు మళ్ళీ అనుమతి లభించింది. 2017లో ఐడహో రాష్ట్రంలో పోకటెల్లో దగ్గర ఒక బాలుడు తెలియక అటువంటి గొట్టాన్ని తాకి గాయపడ్డాడు, అతని కుక్క చనిపోయింది.

ఇంత చేసినా కయోటీ తగ్గలేదు. కారణాన్ని 1970లలో శాస్త్రజ్ఞులు వివరించారు. 1972లో ఫ్రెడ్ నోల్టన్ ప్రచురించిన టెక్సాస్ పరిశీలనల ప్రకారం, నియంత్రణ స్వల్పంగా ఉన్న చోట ఒక్కొక్క ఈతకు సగటున నాలుగు పిల్లలకు కొంచెం పైన పుడితే, తీవ్రంగా చంపుతున్న చోట ఏడుకు దగ్గరగా పుట్టాయి. జంతువులు తగ్గితే మిగిలినవాటికి తిండి పెరుగుతుంది. చిన్న వయసు ఆడవి కూడా ఈనుతాయి. పుట్టినవి ఎక్కువ బ్రతుకుతాయి. ఖాళీ అయిన చోటికి ప్రక్కనుంచి కొత్తవి వస్తాయి. 1975లో కానలీ, లాంగ్‌హర్స్ట్ అనే కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు గణిత నమూనాతో లెక్క కట్టగా, ప్రతి ఏటా నూటికి డెబ్బై అయిదు చొప్పున చంపినా పూర్తిగా నిర్మూలించడానికి సుమారు యాభై ఏళ్ళు పడుతుందని తేలింది. అటువంటప్పుడు వారాంతంలో పిలుపు పీకతో వెళ్ళి ఒకటి రెండు కయోటీలను కాల్చి సంఖ్యను తగ్గించానని చెప్పుకోవడం సముద్రంలోనుంచి చెంబుడు నీళ్ళు తోడి ఆటు తెచ్చానన్నట్లుంటుంది.

దీనికి పోల్చి చూడదగిన ఉదాహరణ ఒకటి టెక్సాస్‌లోనే ఉన్నది. 1988లో దక్షిణ టెక్సాస్ కయోటీలలో కుక్కలనుంచి వచ్చిన రేబీస్ రకం వ్యాపించింది. 1995 నుంచి విమానాల ద్వారా టీకామందు నింపిన ఎరలను లక్షలాదిగా వెదజల్లారు. ఆ వ్యాధి క్రమంగా అంతరించింది. కుక్కల రేబీస్ రకం అమెరికాలో లేదని 2007లో ప్రకటించారు. చంపడం వలన సాధ్యం కానిది కయోటీకి టీకా వేయడం వలన సాధ్యపడింది. బ్రతికి ఉన్న, టీకా పొందిన కయోటీయే తన హద్దులను కాపాడుతూ వ్యాధికి గోడగా నిలిచింది.

నిలిచే కారణం

ఇంతమాత్రాన గొర్రెల పెంపకందారుని బాధ అబద్ధం కాదు. అమెరికాలో 1942లో సుమారు 5 కోట్ల 60 లక్షల గొర్రెలుండగా నేడు 50 లక్షల ప్రాంతంలో ఉన్నాయి. ఈ క్షీణతకు ఉన్ని ధర, కృత్రిమ నూలు, దిగుమతులు, కూలీల కొరత ముఖ్య కారణాలు. అయినా మిగిలిన చిన్న మందకు కయోటీ పెద్ద శత్రువే. ఈత కాలంలో ఒక జంట కయోటీలు తమ పిల్లలకోసం రోజుకొక గొర్రెపిల్లను తీసుకుపోతే ఒక కుటుంబం ఏడాది ఆదాయం చెదిరిపోతుంది. నగరంలో కూర్చొని ఆ కుటుంబానికి కరుణను బోధించడం సులభం.

ఇక్కడ కూడా శాస్త్రం ఒక సూక్ష్మాన్ని చెబుతున్నది. ఉత్తర కాలిఫోర్నియాలో 1990లలో జరిగిన పరిశీలనలో, గొర్రెలను చంపినవి ప్రధానంగా ఆ హద్దుల యజమానులైన, పిల్లల తల్లిదండ్రులైన పెద్ద కయోటీలే అని తేలింది. దేశదిమ్మరి కుర్ర కయోటీలు చాలవరకు నిర్దోషులు. 1999లో ప్రచురితమైన యూటా పరిశోధనలో, శీతకాలంలో మేతభూముల మీద హెలికాప్టర్ నుంచి వేటాడిన చోట మరుసటి వేసవిలో గొర్రెపిల్లల నష్టం తగ్గినట్లు కనుగొన్నారు. సరైన చోట, సరైన కాలంలో తొలగించడం వలన నష్టం తగ్గుతుంది. ఎక్కడ పడితే అక్కడ చంపడం వలన తగ్గుతుందని ఎవరూ నిరూపించలేదు. విచారకరమైన విషయమేమంటే, శీతకాలపు పిలుపుకు తేలికగా మోసపోయేవి చాలావరకు అనుభవం లేని కుర్ర కయోటీలే. దోషి తెలివి మీరినది. పిలుపు విని కూర్చొని వాసన చూస్తుంది.

ఎన్ని చంపితే అంత బహుమానమని జరిపే పోటీలు ఈ దృష్టితో చూస్తే నిరర్థకాలు. కాలిఫోర్నియా 2014లో కయోటీ వేటకు బహుమతులివ్వడాన్ని నిషేధించింది. వెర్మాంట్ 2018లో, న్యూ మెక్సికో, ఆరిజోనా, మసాచుసెట్స్ 2019లో, కొలరాడో 2020లో ఇటువంటి పోటీలను ఆపివేశాయి. వీటిని నడిపినవి పశువుల కాపరులు లేని రాష్ట్రాలు కావు. సంప్రదాయ వేటగాళ్ళలో అనేకులు కూడా ఈ నిషేధాలను సమర్థించారు. చర్మం కోసమన్న కారణమూ బలహీనపడింది. కయోటీ బొచ్చును చలికోట్ల టోపీ అంచుకు వాడిన ప్రసిద్ధ సంస్థ కెనడా గూస్ కొత్త బొచ్చు కొనుగోలును ఆపుతున్నట్లు 2021లో ప్రకటించింది.

ఇంటివారి అభ్యంతరాలు

తెలుగు ఇళ్ళలో వేటకు చెప్పే అభ్యంతరానికి మూలం గౌరవించదగినదే. అహింసను ఆచరణలో పెట్టి, శాకాహారంతో బ్రతికేవారు ఈ వేట వద్దంటే అందులో వైరుధ్యం లేదు. కాని ఆదివారం పూట మేకమాంసం కొట్టు ముందు వరుసలో నిలబడి, సోమవారం నాడు కొడుకు వేటకు వెళ్తానంటే పాపమనేవారు కొంత ఆలోచించుకోవాలి. మేకను చంపిన చెయ్యి మరొకరిది కావడం వలన పాపం మాయం కాదు.

అంతకన్న గమనించవలసిన విషయం ఇంటి గరాజులోనే ఉన్నది. ఎలుకల కోసం పెట్టే మందులలో బ్రోడిఫకౌమ్ వంటివి రక్తం గడ్డకట్టకుండా చేసే రసాయనాలు. అవి ఎలుక కాలేయంలో నెలల తరబడి నిలుస్తాయి. అటువంటి ఎలుకను తిన్న గుడ్లగూబకు, కయోటీకి అవే చేరుతాయి. ఊళ్ళ చుట్టూ చనిపోయిన కయోటీల కాలేయాలను పరీక్షించినప్పుడు ఈ రసాయనాలు తరచు కనబడ్డాయి. కాలిఫోర్నియా 2020లో చట్టం చేసి వీటిలో తీవ్రమైనవాటి వాడకాన్ని చాలవరకు పరిమితం చేసింది. తూటాతో చంపిన వేటగాణ్ణి నిందించే గృహస్థు, తనకు తెలియకుండానే, నెమ్మదిగా రక్తం కారి చచ్చే చావును పెరటిలో పెడుతున్నాడేమో చూసుకోవాలి.

నగరంలో భయం మరొక రకం. 2018 శరత్కాలంలో, తెలుగువారు విశేషంగా నివసించే డల్లాస్ సమీపంలోని ఫ్రిస్కోలో, కయోటీలు కొందరిని కరిచాయి. మనుషులు చేజేతులా తిండి పెట్టడం, పెంపుడు జంతువుల తిండిని ఆరుబయట వదలడం అలవాటైన చోట కయోటీకి భయం పోతుంది. మరణాలు అత్యల్పం. ఉత్తర అమెరికాలో కయోటీ వలన మనిషి చనిపోయినట్లు నమోదైనవి రెండే. 1981లో కాలిఫోర్నియాలో ఒక మూడేళ్ళ పాప, 2009లో కెనడాలో ఒక యువతి. చిన్నపిల్లలను, చిన్న కుక్కలను ఒంటరిగా వదలకపోవడం, ఎదురైతే పారిపోకుండా చేతులు ఎత్తి గట్టిగా అరిచి తరమడం, చెత్తను మూసి ఉంచడం నగరానికి తగిన మార్గాలు. అక్కడ తుపాకికి పని లేదు.

చేయదగినవి

తొలిసారి వెళ్ళే యువతకు కొన్ని సూచనలు చేయవచ్చు. మొదటి శీతకాలమంతా తూటా లేకుండా వెళ్ళడం మంచిది. పిలుపు పీక, బైనాక్యులర్, ఒక నోటు పుస్తకం చాలు. గాలి ఎటు, ఉష్ణోగ్రత ఎంత, ఎన్ని నిమిషాలకు, ఏ దిక్కునుంచి వచ్చింది, ఎప్పుడు పసిగట్టింది అని వ్రాసుకుంటే పది మాటులకు ఒక చక్కని పరిశోధన పత్రమంత సమాచారం పోగవుతుంది. రప్పించడం వచ్చినవాడికే వదలడం కూడా చేతనవుతుంది.

ఆ తరువాత తుపాకి పట్టదలచుకుంటే, నష్టపోతున్న మందకాపరి స్వయంగా కోరిన చోట, ఈత కాలానికి ముందు, అతడు చూపిన హద్దులలో మాత్రమే పట్టాలి. అతని వద్ద కాపలా కుక్క, గాడిద, రాత్రి కంచె ఉన్నాయో లేదో తెలుసుకొని, లేకపోతే ముందు అవి కట్టడంలో సాయపడడం మరింత పౌరుషమైన పని. సీసపు తూటాలకు బదులు రాగి తూటాలు వాడాలి. సీసం తూటా కళేబరంలో చిన్న చిన్న తునకలుగా విరిగి, దాన్ని తిన్న గ్రద్దలకు విషమవుతుంది. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసపు తూటాలు పూర్తిగా నిషిద్ధం. చంపినదాని చర్మాన్నైనా వృథా చేయకూడదు. పోటీలలో పాల్గొనకూడదు.

పెద్దన మనుచరిత్రలోని స్వరోచి గొప్ప వేటగాడు. అతడు తన భార్యలలో ఒకరి వలన సకల జంతువుల భాషలనూ నేర్చుకున్నాడు. ఆ విద్య వచ్చిన తరువాత అడవిలో పక్షులూ లేళ్ళూ తనను గూర్చి ఏమనుకుంటున్నాయో అతనికి అర్థం కాసాగింది. జంతువు భాష తెలియడం ఒక చిక్కైన వరం. తెలియనంతకాలం అది ఒక గురి మాత్రమే. తెలిసిన తరువాత వినక తప్పదు. కుందేలు ఆర్తనాదాన్ని పీకలో పలికించడం నేర్చినవాడికి కయోటీ భాషలో ఒక్క వాక్యం వచ్చిందన్నమాట. ఆ వాక్యం అబద్ధం. దాన్ని నమ్మి వచ్చిన జంతువును కాల్చడానికి నిజమైన కారణం ఒకటి ఉండి తీరాలి. లేనప్పుడు, అది చుట్టూ తిరిగి గాలివాలుకు చేరి నిజం పసిగట్టి వెళ్ళిపోయేంతవరకు కదలకుండా కూర్చోవడమే వేటగాడి పని.